ఆపడం నేర్చుకున్న బంగార్రాజు

గిలకలదిండి రేవు నుంచి గుడివాడ మార్కెట్‌కి చేపల బండి తోలినన్నాళ్లూ బంగార్రాజుది ఒకటే మతం: ఆగకూడదు. ఆగితే ఐసు కరుగుతుంది, ముందు చేరినవాడిదే బేరం. దారిలో టీకి ఆగే డ్రైవర్ని అతను మనిషి కింద లెక్కేసేవాడు కాదు. మచిలీపట్నంలో ఒక ట్రస్టువాళ్లు అంబులెన్సుకి ఇతన్నే పిలిచారంటే అందుకే. దివిసీమ గతుకుల్లో అంత స్పీడుగా తోలేవాడు ఇంకోడు లేడు మరి.

ఆ బండిలో ఒక చల్లటి పెట్టె, అందులో ఎవరికైనా ఎక్కించదగ్గ గ్రూపు రక్తం ప్యాకెట్లు. నెత్తురు పోయిన మనిషికి ఆసుపత్రి చేరేదాకా చూడకుండా, డాక్టరు ఫోన్లో చెబుతుంటే నర్సు సాయిదుర్గ దారిలోనే ఎక్కిస్తుంది. మొదటిసారే పని చెడింది. నాగాయలంక నుంచి ఒకతన్ని తెస్తుంటే ఆమె ఆపమని మొత్తుకుంటూనే ఉంది, ఇతని కాలు యాక్సిలరేటరు మీంచి లేవలేదు. కుదుపుకి సూది ఊడింది. రక్తమంతా బండి పాలైంది. ఆ మనిషి ఎలాగో బతికాడు. ఇంకోసారి ఇలా అయితే పెట్టె తీసేస్తామని డాక్టరు తేల్చేశాడు. తన కాలు చేసిన పనికి దివిసీమంతా నష్టపోతుందంటే బంగార్రాజుకి ముద్ద దిగలేదు.

వరికోతల్లో కోడూరు నుంచి ఫోనొచ్చింది. పున్నారావనే రైతు తొడ కోత మిషన్లో పడి చీలిపోయింది. సాయిదుర్గ పైన బిగించి కట్టేసరికి కారడం ఆగింది కానీ, పోయింది పోగా ఒంట్లో మిగిలింది తక్కువ. మణికట్టు దగ్గర నాడి అందడం లేదు. అతని అన్న యుగంధర్ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కాలవగట్టు మీద కాస్త దూరం వెళ్లేసరికి వెనక నుంచి ఆమె గొంతు: "మావయ్యా, ఆపు. ఇక్కడే ఎక్కించాలి."

బంగార్రాజు బ్రేకు తొక్కాడు.

యుగంధర్‌కి మతి పోయింది. వెనకే మోటారు సైకిళ్ల మీద వచ్చిన ఊరివాళ్లు బండిని చుట్టేశారు. మనిషి పోతుంటే గట్టు మీద ఆపడమేంటని ఒకడు, తాగొచ్చాడేమో చూడండ్రా అని ఇంకొకడు. యుగంధర్ తాళం చెవి మీద చెయ్యేశాడు.

"నువ్వు దిగు. నేను తోలతా."

బంగార్రాజు తాళం లాగి జేబులో వేసుకున్నాడు. "బండి తియ్యనండి. కదిలితే సూది ఊడిద్ది. ఆసుపత్రి ఎక్కడికీ పోదండీ. మీ తమ్ముడు పోతాడు."

దిగి వెనక తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎవడో చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాడు. కాళ్లు మాత్రం బండి ఎక్కి దౌడు తీద్దామని గుంజుతూనే ఉన్నాయి. లోపల సాయిదుర్గ ప్యాకెట్టుని పిండుతోంది. అది సన్నబడేకొద్దీ పున్నారావు పెదాలకి రంగు తిరిగింది. కళ్లు తెరిచాడు.

"అన్నయ్యా, కోత ఆపేశారా ఏంటి? మబ్బు పట్టింది."

గట్టు మీద ఎవడో నవ్వాడు, యుగంధర్ తలుపు పట్టుకుని ఏడ్చేశాడు. నాడి అందుతోందని సాయిదుర్గ చెప్పాక బంగార్రాజు స్టీరింగు పట్టాడు, పెళ్లికూతుర్ని తీసుకెళ్లినట్టు తోలాడు. తిన్నగా ఆపరేషన్ థియేటర్‌కే. కాలు కూడా నిలిచింది. పెట్టె జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

మొన్న అదే దారిలో లారీ గుద్ది ఒకామె పడిపోయింది. బంగార్రాజు వెళ్లేసరికి జనం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని ఒక పక్కకి లాగేసి, చదునైన చోటు చూసి ఖాళీ చేసి పెట్టారు. ఒక ముసలాయన పైపంచె ఊపుతూ ఎదురొచ్చాడు.

"ఇక్కడ ఆపండి బాబూ. ఇక్కడ కుదుపుండదు."