మొగ దగ్గర కట్టని ఊరు

మా ముత్తాతగారు గ్రామ మునసబు. కాలువ వదిలిన రోజు నీళ్లు ముందు ఏ చేనుకు పారాలో, ఏ చేను ఆగాలో ఆయన అరుగు మీద కూర్చుని చెప్పేవారు. చెప్పినట్టే పారేవి. మా తాతగారు కూడా మునసబే, దానికి తోడు గుడి ధర్మకర్త. ఆయన ఎదురుపడితే సైకిలు మీద ఉన్నవాళ్లు దిగి నడిచేవారు. మా నాన్నగారి కాలానికి ఆ పదవే రద్దయింది. పిలుపు మిగిలింది, పొలం మిగల్లేదు. అది ఎలా పోయిందన్నది మా ఇంటి విషయం.

నేను భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. ఆదివారం మధ్యాహ్నాలు బస్టాండు వెనక ఒక నెట్ సెంటర్లో గడిచేవి. అక్కడ పదకొండు మందిమి కలిసి ఒక ఆట ఆడేవాళ్లం. ఆ ఆటలో అడవులు, కొండలు, ఒక పెద్ద నది, సముద్రం ఉంటాయి గాని ఊళ్లు ఉండవు. ఆడేవాళ్లే కట్టుకోవాలి. ఎనిమిది నెలలు రాయి, కలప పోగుచేస్తే మా జట్టుకి ఊరు కట్టుకునే పట్టా ఒకటి వచ్చింది. ఒక్కటే. శంకుస్థాపన రాయి పెట్టామంటే అది కదలదు. వర్తకులు వచ్చిపోతుంటేనే ఊరికి మరమ్మతు సరుకు దొరుకుతుంది. లేకపోతే గోడలు వాటంతట అవే కూలిపోతాయి, ఎనిమిది నెలల కష్టమూ వాటితోనే పోతుంది.

స్థలం ఎంచే పని నాకు అప్పగించారు. "తగువులు తీర్చిన ఇంట్లో పుట్టారు కదండీ, మీరే చూడండి మునసబుగారూ," అన్నాడు నెట్ సెంటర్ యజమాని. అతను కూడా మా జట్టులోవాడే. మాటలో కొంత ఎగతాళి ఉంది. నేను దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు. మా తాతగారి తరువాత మా ఇంటి మనిషి మాట మీద ఒక ఊరు నిలవబోతోంది. తెర మీద ఊరే కావచ్చు. నాకు పెద్ద తేడా కనిపించలేదు.

జట్టులో ఒకతను నరసాపురం అవతల సముద్రపు ఒడ్డువాడు. తాతల నుంచీ చేపల వేట వృత్తి. అతను మాత్రం భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నది సముద్రంలో కలిసే చోటుని వాళ్లు మొగ అంటారు. అందరికంటే ముందు నోరు విప్పింది అతనే.

"మొగ దగ్గరేనండి. ఇంకో చోటు చూడక్కర్లేదు."

"చూడకుండా ఎలా తెలిసింది?" అన్నాను.

"నీళ్లు చూస్తే తెలిసిపోద్దండి. ఓడలన్నీ అక్కడే ఆగాలి."

"అయితే మన ఊరికి ఎండుచేపల వాసన గ్యారంటీ," అన్నాడు యజమాని.

"మీ నెట్ సెంటర్ వాసన కన్నా మేలేనండి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒక స్థలాన్ని అంత తొందరగా పొగిడేవాడికి దాని పక్కనే ఏదో ఒకటి ఉంటుంది. బావమరిది చేనో, ముందే పుచ్చుకున్న బయానాయో. పైగా నేను గోదావరి గట్టు తెగిన కథలు వింటూ పెరిగినవాణ్ణి. మెరక చూసి ఇల్లు కట్టుకోమన్నది మా ఇంటి మాట. ఆటలో వరద రాదని అందరూ చెప్పారు. ఇంతవరకు రాలేదు అనుకున్నాను. ఉత్తరాన కొండ మీద ఒక చదును నేల అప్పటికే నా కంట్లో పడింది.

అయినా ఒకరి మాట విననిదే కాదనటం న్యాయం కాదు. మా వైపు పొలం కొనేవాడు కొంటానని చెప్పి చూడడు. పాత పంచె కట్టుకుని, దారిన పోయేవాడిలా గట్టు మీద నిలబడి, పక్క చేనువాణ్ణి అడుగుతాడు, ఈ నేల ఎలాంటిదయ్యా అని. అమ్మేవాడి మాటకి విలువ లేదు. నువ్వెవరో తెలియక చెప్పిన మాటే సాక్ష్యం. మా తాతగారు ప్రతి ఎకరమూ అలాగే కొన్నారు. నాన్నగారు ఒక్కసారి అలా అడగలేదు. ఒక్కసారే.

ఎవరి కంటా పడకూడదని బస్సెక్కి తణుకు వెళ్లాను. అక్కడొక నెట్ సెంటర్లో కూర్చుని కొత్త పేరుతో, చిరుగుబట్టలతో ఆటలో ఒక క్యారెక్టర్ తయారుచేశాను. మొగ దగ్గరికి చేరుకునేసరికి గంట పట్టింది. అనుకున్నట్టే ఐసు ఫ్యాక్టరీ అతను అక్కడ వల వేస్తున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి అడిగాను, ఇక్కడ ఊరు కట్టుకోవచ్చా అండి అని.

"ఏ ఊరండి మీది?"

"విజయనగరం వైపు."

"ఇక్కడ బాగోదండి. ఒకటే దొంగల బెడద. రాయి పెడితే వారం నిలవదు. పైకెళ్లిపోండి, కొండల కాడికి."

ఆ నాలుగు ముక్కలూ బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. మా దగ్గర ఒక మాట, పరాయివాడి దగ్గర ఇంకో మాట. తాతగారి లెక్కన పరాయివాడికి చెప్పిందే నిజం. మరి మమ్మల్ని ఆ దొంగల మధ్యకి ఎందుకు తోస్తున్నట్టు? తిరుగు ప్రయాణంలో అత్తిలి దాటేదాకా అదే ఆలోచించాను.

తరువాతి ఆదివారం అందరి ముందూ అడిగాను. "మొగ దగ్గర దొంగల భయం ఏమైనా ఉందా?"

"లేదండి," అన్నాడు తడుముకోకుండా. "రెండు నెలల నుంచి తిరుగుతున్నాను. ఒక్కడూ తగల్లేదు."

నాకు కావలసింది దొరికింది. "రాయి కొండ మీద పెడుతున్నాం," అన్నాను.

"కారణం చెబుతారాండి?" అన్నాడు యజమాని.

"చెప్పను."

"చెప్పకపోతే మానెయ్యండి. కొండెక్కి రాళ్లు మోసేది మేమే కదా."

ఐసు ఫ్యాక్టరీ అతను ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అందరికంటే ముందు రాళ్లు మోసింది కూడా అతనే. అదీ నాకు నచ్చలేదు. మాట చెల్లనివాడు అంత నిమ్మళంగా ఉంటే లోపల ఏదో ఉన్నట్టే. నేను పక్క కుర్చీలో కూర్చుని అతని తెర మీద ఒక కన్ను వేసి ఉంచేవాణ్ణి. ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ దారిన వెళ్తున్నాడు. చేపలు, రాళ్లు, మళ్లీ చేపలు. ఇంకేమీ కనబడేది కాదు. కనబడకపోయేసరికి అనుమానం పెరిగింది గాని తగ్గలేదు.

రెండు నెలలకి రాజమండ్రి జట్టు ఒకటి మొగ దగ్గర రాయి పెట్టింది. ఓడలన్నీ అక్కడే ఆగాయి. అంగళ్లు కిటకిటలాడాయి. మా కొండ మీదికి ఎక్కే వర్తకుడు లేడు. పదకొండు మందిలో ఐదుగురం మిగిలాం. పడమటి గోడ బీటలిచ్చింది. ఆ స్థలం వాళ్లకి అమ్ముకున్నది ఎవరో నాకు తెలుసనే అనుకున్నాను. వాళ్ల జట్టు పెద్దాయన నోటితోనే ఆ పేరు చెప్పించాలని, ఈసారి వేషం లేకుండా, నా సొంత పేరుతోనే మొగ దగ్గరికి వెళ్లాను.

"ఈ చోటు మీకు ఎవరు చూపించారు?"

"ఎవరు చూపిస్తారండీ? ఓడలు ఆగుతుంటే మేమే చూసుకున్నాం," అని రాశాడు రాజమండ్రి ఆయన. "మీ మనిషి ఒకడు ఇక్కడ వల వేసుకుంటూ ఉండేవాడు. ఎప్పుడొచ్చినా దొంగలున్నారు, పైకి పొండి అని తరిమేవాడు. నమ్మి నెలరోజులు ఆగాం కూడా. ఆఖరికి దొంగలు లేరు, దొరలు లేరు, మాకు అడ్డం వాడొక్కడే."

ఆ వాక్యాలు తెర మీద పైకి జరిగి కనుమరుగయ్యేదాకా చదివాను.

ఐసు ఫ్యాక్టరీ అతను సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాడు. నెట్ సెంటర్ మెట్ల దగ్గర ఆపి తణుకు సంగతి చెప్పాను.

"ఆ విజయనగరం ఆయన మీరాండి?"

"నేనే."

"చేపలున్న చోటు పరాయోడికి ఎవడన్నా చెప్తాడేంటండి? మా నాన్న సొంత తమ్ముడికి చెప్పడు." ఆగి మళ్లీ అన్నాడు. "మన ఊరి కోసం దాచానండి దాన్ని. మీరు నన్నే అడిగితే పోయేది కదా."

"అడిగాను కదా, అందరి ముందూ."

"అడిగారండి. చెప్పాను కూడా."

రెండు టీలు చెప్పాను. తాగాడు, గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. ఆ తరువాత కూడా ఆదివారాలు వచ్చేవాడు. నాతో అండీ అంటూనే మాట్లాడేవాడు. స్థలం ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

మరమ్మతుకి రాయి లేక పడమటి గోడ కూలింది, దాని తరువాత రెండో గోడ కూడా. ఆ నెలలో మా కొండ మీది సభామండపాన్ని, ధాన్యపు కొట్టునీ, పడిపోని గోడల రాళ్లన్నిటినీ మొగ దగ్గరి ఊరివాళ్లకి అమ్మేశాం.