వేడి టైరులో గాలి తియ్యని దస్రు

టేకులపల్లి రోడ్డు మీద దస్రు షాపుకు బోర్డు లేదు. రేకుల కప్పు, గాలి మిషను, పంక్చరు చూసే నీళ్ల తొట్టి, గోడకు వేలాడే పాత ట్యూబులు, అంతే. అయినా ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే లారీ డ్రైవర్లందరికీ ఆ షాపు తెలుసు. దస్రు ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ల టైర్లు బిగించి రిటైరైనవాడు. మనిషి నిలబడితే తల పైన ఇంకా జానెడు మిగిలే టైర్లవి. బడి ముఖం చూడలేదు. అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ ఆ టైర్ల మీద చదివే నేర్చుకున్నాడు. ఇప్పటికీ సంతకం పెట్టేటప్పుడు అచ్చు టైరు మీది అక్షరాల్లాగే లావుగా, ఎత్తుగా రాస్తాడు.

కూతురు సంగీతకు శాతాలు నేర్పింది కూడా ఆయనే. ఏడేళ్ల పిల్లను మారుతి కారు టైరు ముందు కూర్చోబెట్టి, దాని మీది అంకెలు చూపించి, "నూట నలభై ఐదులో డెబ్బై శాతం ఎంత బిడ్డా?" అనేవాడు. పిల్ల నేల మీద సున్నపు ముక్కతో లెక్క వేసి, నూట ఒకటిన్నర అనేది. ఆయన టేపు పెట్టి టైరు సైడు ఎత్తు కొలిచి, "కరెక్టు!" అని అరిచేవాడు. రాసిన లెక్క చేతికి తగిలే వస్తువు కావడం ఆ పిల్లకు ఎంత సంతోషమనిపించిందంటే, పెద్దయి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి కొత్తగూడెంలో జూనియర్ కాలేజీ లెక్చరర్ అయింది.

2007 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే ఆమె తన పదకొండు నెలల పాప చాందిని చంకనేసుకుని తండ్రి షాపుకు వచ్చింది. వెనకాలే ఆమె భర్త బలరాం తన కారులో దిగాడు. గనుల వర్క్‌షాపులో పని చేసే బలరాం హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్న చిన్న స్పోర్ట్స్ కారది. ఫైబర్ బాడీ, గుడ్డ టాపు, ఎర్ర రంగు. సీట్లు రెండు.

ఆ సీట్ల గురించి ఇంట్లో నెల రోజులుగా మాటలు నడుస్తున్నాయి.

"ముగ్గురం ఉన్నం. సీట్లేమో రెండు. చాందిని డిక్కీల పెడ్తవా?" అని సంగీత.

"గది ఇంటి కారు కాదే. ట్రాక్ మీద నడిపే కారు," అని బలరాం.

వచ్చే ఆదివారం చెన్నై దగ్గర రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే ఉంది. పోటీ కాదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఎదురు బండ్ల భయం లేకుండా రోజంతా చక్కర్లు కొట్టొచ్చు. బలరాం నాలుగేళ్లుగా ఎదురుచూసిన రోజు. పేరు కూడా ఇచ్చేశాడు.

సంగీతకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమెకు అన్నీ భయాలే. నీళ్లు ఇరవై నిమిషాలు మరగాలి. పిల్ల తుమ్మితే హ్యాండ్‌బ్యాగులోంచి థర్మామీటర్ బయటికి రావాలి. అలాంటి మనిషి మొగుణ్ణి గంటకు నూట నలభై వేగంతో మలుపులు తిప్పడానికి పంపుతుందా? వద్దనలేదు గానీ ఒక షరతు పెట్టింది. టైరు చూసి నాయిన సరే అనాలి. లెక్క చూసి తను సరే అనాలి. రెండు సరేలు రాకపోతే బలరాం ఫోన్ చేసి పేరు కొట్టేయించుకోవాలి.

"రెండు పరీక్షలు, ఒకటే ఇంట్ల," అని గొణుక్కున్నాడు బలరాం. కానీ మొహం వెలిగిపోతోంది. తెలిసిన షాపులో అడిగి, నచ్చనివి తిరిగి ఇచ్చేస్తానని చెప్పి, నాలుగేసి టైర్ల రెండు సెట్లు రిమ్ములతో సహా ఆటోలో తెప్పించాడు. ఒక సెట్టు పదిహేను అంగుళాలది, నూట తొంభై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, సైడు ఎత్తు అందులో యాభై శాతం. నల్లగా నిగనిగలాడుతోంది. రెండోది కారుతో వచ్చిన టైర్లలాగే పదమూడు అంగుళాలది, నూట ఎనభై ఐదు వెడల్పు, సైడు అరవై శాతం. గీతలు తక్కువ, రబ్బరు మెత్తన. చూడ్డానికి పెద్ద అందంగా లేదు.

"మామా, గీ పెద్దవి ఎక్కిస్తే కారు ఎట్లుంటదో చూడు!" బలరాం నిగనిగలాడే టైరును దొర్లించుకుంటూ వచ్చాడు.

"టైరు మొహం చూసి పెండ్లి చేస్తమా అల్లుడా? ఉండు."

దస్రు నవారు దారం తీశాడు. ముందు కారుకున్న పాత టైరు చుట్టూ చుట్టి ముడి వేశాడు. అదే దారాన్ని పెద్ద టైరుకు చుట్టాడు. రెండున్నర వేళ్ల మేర దారం చాలలేదు. చిన్న దానికి చుట్టాడు. వేలున్నర మిగిలింది.

సంగీత అప్పటికే ఆ లెక్క నోట్‌బుక్కులో వేసి పెట్టుకుంది. పాత టైరు చుట్టుకొలత కంటే పెద్దది నలభై ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ, చిన్నది ఇరవై ఎనిమిది తక్కువ. తండ్రి వేళ్ల పక్కన స్కేలు పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. ఏడేళ్ల పిల్లలా చప్పట్లు కొట్టబోయి, చంకలో చాంది ఉందని ఆగింది.

దస్రు పెద్ద టైరు అంచుకు తడి సున్నం పూసి, ముందు చక్రంగా బిగించి, జాకీ దించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పమన్నాడు. తర్వాత మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి బయటికి తీశాడు. వేళ్లకు తెల్లగా సున్నం.

"తగుల్తంది. నిలబడ్డప్పుడే గిట్ల రాస్తే, మలుపుల బండి ఒరిగినప్పుడు కోసుకపోతది." తర్వాత టైరు సైడు మీద చిన్న గడిలో ఉన్న అంకెలు చూపించాడు. "చదువు."

"మూడు నాలుగు ఎనిమిది," అన్నాడు బలరాం.

"మూడే అంకెలు. రెండు వేలు దాటినంక వచ్చిన టైర్ల మీద నాలుగుంటయి. గిది తొంభై ఎనిమిదిల ముప్పై నాలుగో వారం పుట్టింది. మెరుపు పాలిష్‌ది. రబ్బరు గట్టిపడ్డది. నీ చాంది కంటే ఎనిమిదేండ్లు పెద్దది అల్లుడా గిది."

బలరాం గోరుతో నొక్కి చూశాడు. గోరు దిగలేదు. చిన్న టైరు నొక్కాడు, దిగింది. దాని మీద నాలుగు అంకెలు, కిందటేడు పుట్టింది. పెద్ద టైర్లను తనే పక్కకు దొర్లించాడు. అట్లా సైజు తేలిపోయింది.

గాలి దగ్గర మాత్రం తేలలేదు. దస్రు చిన్న టైర్లు నాలుగూ బిగించి, ముప్పై ఆరు పౌన్ల గాలి కొట్టాడు.

"ఎక్కువేమో నాయినా?" అంది సంగీత.

"గాలి తక్కువుంటే టైరు నలుగుతది, వేడెక్కుతది, పేలుతది. నిండ గాలుంటే మనిషి ఇంటికొస్తడు. డంపర్లకు గంతే."

ఊరి అవతల కొత్తగా వేసిన రోడ్డు ముక్క ఇంకా తెరవలేదు. కంట్రాక్టరు మనిషిని ముందే అడిగి ఉంచారు. అక్కడికి పోతే సగం రోడ్డు మీద మిర్చి ఆరబోసి ఉంది. పక్కన గొడుగు కింద రైతు సీతయ్య కూర్చుని ఉన్నాడు.

"ఏంది దస్రన్నా, గీ కారుతోని నా మిర్చి దంచుతవా?"

"నీ మిర్చి జోలికి రాం. గీ సగం మాకియ్యి. నువ్వు చూస్తుండు."

"చూస్త. ఒక్క కాయ పగిలినా కారు ఇడ్సిపెట్టి పోవాలె."

దస్రు ప్రతి టైరు మీదా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దతో అడ్డగీత గీశాడు. బలరాం హెల్మెట్ పెట్టుకుని, ఖాళీ గోనె సంచులు గుర్తుగా పెట్టిన చోట ఎనిమిది ఆకారంలో చక్కర్లు మొదలుపెట్టాడు. ఇంజను గొంతు పెరిగేకొద్దీ చాంది కాళ్లు ఊపుతూ కేకలు పెట్టింది. సంగీత గుండె కూడా అలాగే కొట్టుకుంది, భయమో సంబరమో ఆమెకే తెలియలేదు. ఆరో చక్కర్లో కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. ఎర్రకారు ఎర్రమిర్చి వైపు అడ్డంగా పోయి, రెండు గజాల దూరంలో ఆగింది.

"అయ్యో నా మిర్చి!" సీతయ్య గొడుగు వదిలేసి లేచాడు.

బలరాం దిగి, "ఏం కాలే, ఏం కాలే," అంటూ వచ్చాడు.

దస్రు టైర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. సుద్దగీత మధ్యలో పూర్తిగా చెరిగిపోయింది. రెండంచులా ఇప్పుడే గీసినట్టు తెల్లగా ఉంది. టైరు ఉబ్బి నడుము మీదే నడిచిందన్నమాట. గేజీ పెట్టాడు. ముప్పై ఆరు కొట్టిన గాలి నలభై ఒకటి చూపిస్తోంది.

"గాలి తీసేస్త మామా, మళ్ల తిప్పుత," అని బలరాం వంగాడు.

దస్రు చెయ్యి అడ్డం పెట్టాడు. "వేడి టైరుల గాలి తియ్యొద్దు."

ఆ గొంతు సంగీతకు తెలుసు. గనిలో దస్రు దోస్తు లచ్చిరాం ఒకసారి, వేడి మీద డంపరు టైరు గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేశాడు. అది చల్లారాక తక్కువైంది. మర్నాడు బరువుతో నడిచి నడిచి పేలింది. లచ్చిరాం కుడిచెయ్యి ఇప్పటికీ మోచెయ్యి దగ్గర వంగదు. ఆ తర్వాత దస్రు ఒక్కనాడూ వేడి టైరు వాల్వు ముట్టలేదు.

"ట్రాక్ మీద అందరు గట్లనే తీస్తరు మామా."

"తియ్యనీ. నా చేతితోని తియ్య."

సంగీత పిల్లను తండ్రి ఒళ్లో పెట్టి, కాలేజీ ల్యాబులోంచి అడిగి తెచ్చిన పొడవాటి థర్మామీటరును గుడ్డతో టైరుకు అదిమింది. అరవై రెండు డిగ్రీలు. గాలి కొట్టినప్పుడు ముప్పై. నోట్‌బుక్కు తెరిచి రోడ్డు మీదే కూర్చుంది. పెన్ను పరుగెత్తింది. ఎంత వేడికి ఎంత గాలి పెరగాలో పిల్లలకు ఏటా చెప్పే సూత్రమే. ముప్పై ఆరు వేస్తే నలభై ఒకటీ చిల్లర వచ్చింది. గేజీ చెప్పిందీ అదే!

"నాయినా, నీ మాట తప్పు కాదు, నీ ముప్పై ఆరే తప్పు!" ఆమె దాదాపు అరిచింది. "డంపరు డెబ్బై టన్నులు మోస్తది. గీ కారు టన్ను కూడ లేదు. దీనికి వేడి మీద ముప్పై నాలుగుంటే చాలు. ట్రాక్ మీద టైరు డెబ్బై ఐదు డిగ్రీలకు పోతదనుకో. చల్లగున్నప్పుడు ఇరవై ఎనిమిది కొడితే, అక్కడ అదే ముప్పై నాలుగైతది. వేడి మీద వాల్వు ముట్టే పనే లేదు."

దస్రు చాంది వేలు పట్టుకుని కాసేపు టైరు వంక చూశాడు. "చల్లగున్నప్పుడే తగ్గిస్తమా?"

"చల్లగున్నప్పుడే."

"అయితే సరే. చల్లారనీ."

ముప్పావు గంట ఆగారు. సీతయ్య కోపం తగ్గి మజ్జిగ ఇచ్చాడు. దస్రు అరచెయ్యి ఆనించి చూసి, చల్లబడ్డాక తనే వాల్వు నొక్కి, ఇరవై ఎనిమిది దగ్గర ఆపాడు. మళ్లీ సుద్దగీతలు గీశాడు. బలరాం మళ్లీ పది చక్కర్లు కొట్టాడు. ఈసారి కారు పట్టాల మీద ఉన్నట్టు తిరిగింది. గీతలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమానంగా చెరిగాయి. గేజీ ముప్పై రెండున్నర.

"నా సరే అయింది," అన్నాడు దస్రు. "నీదేంది బిడ్డా?"

సంగీత పిల్లను తండ్రికిచ్చి, నోట్‌బుక్కు సీతయ్య చేతికిచ్చి, బలరాం నెత్తి మీది హెల్మెట్ తీసి తను పెట్టుకుని, రెండో సీట్లో కూర్చుని బెల్టు బిగించింది.

"లెక్క నాది. చూసుకోవద్దా? పోనియ్యి!"

మొదటి మలుపులోనే ఆమె వేసిన కేక మిర్చి కల్లం దాటి అడవి దాకా పోయింది. మూడో మలుపుకు అది నవ్వైపోయింది.

ఆ వారం శనివారమే కారును డీసీఎం వ్యానులో ఎక్కించి చెన్నై తీసుకుపోయారు. సుద్ద, గేజీ పట్టుకుని దస్రు కూడా పోయాడు. ఆదివారం పదకొండు గంటలకు ఇంట్లో ఫోన్ మోగింది. సంగీత పిల్లతో సహా పరుగెత్తి ఎత్తింది. వెనక ఇంజన్ల రొద.

"ముప్పై నాలుగున్నర," అన్నాడు దస్రు. "అర ఎక్కువొచ్చింది. మళ్ల చూసుకో నీ లెక్క."

"ఆయన ఏడి నాయినా?"

"ఏడుంటడు? నీళ్లు తాగి మళ్ల ఎక్కిండు. గేజీ నా చేతిల ఉన్నది, నువ్వు అన్నం తిను."