వెనక గదిలోని గుండీ

ఆవిడ అసలు పేరు వాళ్ళ పిన్నికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుండీయే. పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కుదురుగా ఉంటుందని, తొమ్మిదేళ్ళప్పుడు బడిలో పక్కన కూర్చున్న స్నేహితురాలు పెట్టిన పేరది. నలభై ఏడేళ్ళు వచ్చినా ఊడిపోలేదు. పేరు పెట్టిన మనిషిని మాత్రం అందరూ మేడమ్ అంటారు.

ఇద్దరూ కలిసి బట్టలు కుట్టే దుకాణం పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ముందు గదిలో నిలువుటద్దం, మెత్తటి సోఫా, మేడమ్. వెనక గదిలో రెండు కుట్టు మిషన్లు, ఇస్త్రీ బల్ల, సుద్దముక్కలు, గుండీ. మధ్యలో ఒక పూల కర్టెన్. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేది, కబుర్లు చెప్పేది, టేపు పట్టుకునేది మేడమ్. కత్తిరించేది, కుట్టేది, విప్పేది, మళ్ళీ కుట్టేది గుండీ. మిషన్ చప్పుడు విని వెనక ఎవరని ఎవరైనా అడిగితే, "మా గుండీ. గుండీలవీ కుడుతుంది" అనేది మేడమ్. అందులో అబద్ధమేమీ లేదు. గుండీలు కూడా కుట్టేది మరి.

మేడమ్ చెడ్డదనడానికి లేదు. ఎప్పుడో గుండీకి కడుపు ఆపరేషన్ అయినప్పుడు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో స్టూలు మీద నడుం వాల్చకుండా కూర్చుంది. చేత్తో తినిపించింది, తల దువ్వింది, నర్సులతో పోట్లాడింది. గుండీ ఆ సంగతి ఒక్కనాడూ మరిచిపోలేదు. మరిచిపోదామన్నా మేడమ్ మరవనివ్వలేదు. "ఆ ఎనిమిది రోజులూ నేను లేకపోతే నువ్వుండేదానివటే?" అని వారానికొకసారైనా అడిగేది.

"నీకేం తెలీదు పిచ్చిమొహమా, నువ్వూరుకో" అని బుగ్గ గిల్లేది. ముద్దుగా అనేది. ముద్దుగా అన్న మాట కావడంతో అదెక్కడ తగిలిందో గుండీకి వెంటనే తెలిసేది కాదు. ఏ మూడు గంటల తర్వాతో కాజా కుడుతుంటే కళ్ళు చెమర్చేవి. దారం సన్నగా ఉందని, వెలుతురు చాలడం లేదని తనకు తనే సర్దిచెప్పుకునేది.

ముప్ఫై ఏళ్ళప్పుడు లైబ్రరీలో పనిచేసే ఒకాయన పెళ్ళి చేసుకుందామని అడిగాడు. నెమ్మదస్తుడు, మంచివాడు. "నిన్ను చూసి జాలిపడి అడుగుతున్నాడే" అంది మేడమ్. గుండీ అతనికి వద్దని చెప్పింది. ఆ తర్వాత చెప్పులు, జుట్టు కత్తిరింపు, కళ్ళజోడు ఫ్రేము, అన్నీ మేడమే ఎంచిపెట్టేది. హోటల్లో ఏం తింటారని అడిగినా గుండీ ముందు మేడమ్ వైపు చూసేది.

ఇలా ఉండగా ఒకరోజు దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. వెన్ను ఒక పక్కకు వంగి, ఎడమ భుజం పైకి, కుడి భుజం కిందికి ఉన్నాయి. కొత్తగా లాయరైందట.

"వచ్చే వారం నుంచి కోర్టుకి వెళ్ళాలండీ. నల్లకోటు కావాలి. కొన్నవేవీ నాకు కుదరడం లేదు."

"కుదరవమ్మా, ఎలా కుదురుతాయి!" అంది మేడమ్, గొంతులో బోలెడంత దయ పోసుకుని. "రెండు సైజులు పెద్దది కుట్టిస్తాను. వదులుగా ఉంటే అంతా దాగిపోతుంది."

మంచికే అంది. కానీ ఆ అమ్మాయి చేతిలోని సంచీని గుండెలకు హత్తుకుని తల దించుకుంది. కర్టెన్ సందులోంచి గుండీ అది చూసింది. తనేం చేస్తోందో తెలిసేలోపే కర్టెన్ తోసుకుని ముందు గదిలోకి వచ్చేసింది. ఏదో అనబోయింది గానీ నోటినిండా గుండుసూదులు. ఒక్కొక్కటీ తీసి జాకెట్టుకి గుచ్చుకునేదాకా ఇద్దరూ ఆమెనే చూస్తూ నిలబడ్డారు.

"దాచడమెందుకు? కుడివైపు వేరుగా, ఎడమవైపు వేరుగా కొలిస్తే సరిపోతుంది."

"నిటారుగా నిలబడనా ఆంటీ?" అంది అమ్మాయి.

"వద్దు తల్లీ. రోజూ ఎలా నిలబడతావో అలాగే నిలబడు. కోటే నీకు తగ్గట్టు వస్తుంది."

ఆ కోటుకి నాలుగు రోజులు పట్టింది. ముందు పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి చూసింది. వీపు దగ్గర మడత పడింది. విప్పింది. చంక దగ్గర పట్టేసింది. మళ్ళీ విప్పింది. చివరికి ఎడమవైపు ముక్క పొడుగ్గా కోసి, కుడి భుజం కింద పలచటి మెత్త పెట్టి, కాలరు మెడను అంటిపెట్టుకునేలా తిప్పింది. ఆ నాలుగు రోజులూ ఆకలి గుర్తు రాలేదు.

అమ్మాయి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. రెండు భుజాలూ తడిమి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా, "వెనకవైపు కూడా చూసుకోవచ్చా?" అంది. గుండీ చిన్నద్దం తెచ్చి వెనక పట్టుకుంది. నల్లగుడ్డ ఎక్కడా ముడతపడకుండా ఆ వంకర వీపు మీద నీళ్ళలా జారింది.

"చూశావా, నా కత్తిరింపంటే ఇదీ!" అంది మేడమ్ చప్పట్లు కొడుతూ.

"ఈ ఆంటీ కదండీ చేసింది?"

మేడమ్ పకపకా నవ్వింది. "నేను గీసినట్టు కోస్తుందమ్మా. సొంతంగా దానికేమొచ్చు? ఏమే గుండీ?"

గుండీ తలూపింది. "అవును" అని కూడా అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడింది. పిన్ని ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంట్లో ఏ మూలనుంచి మాట్లాడినా వెనక సీటు దాకా వినబడుతుంది. ఆమె అంతా విని, "ఆవిడ సంగతి అలా ఉంచు. నువ్వెందుకు తలూపావు?" అంది.

"అలవాటైపోయింది పిన్నీ."

"చూడు, బస్సులో వెనకనుంచి బ్రేకు వెయ్యమనీ, అటు తిప్పమనీ సవాలక్ష చెప్పేవాళ్ళు. పోనీలే అనుకునేదాన్ని. కానీ ఎవడైనా 'బస్సు నడుపుతున్నది నువ్వు కాదు, నేను' అన్నాడనుకో, తర్వాతి స్టాపులో దింపేసేదాన్ని."

గుండీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేడమ్ ఆ మాట అన్నందుకు కాదు ఆమె ఏడ్చింది. ఆ నాలుగు రోజుల పని తనదని తనకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. అయినా 'అవును' అన్నది తన నోరే. అదే ఆమెను కాల్చేసింది.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరవగానే చెప్పేసింది. పెద్ద మాటలేవీ కూర్చుకోలేదు. "నేను మానేస్తున్నానే. దుకాణం నువ్వే చూసుకో."

మేడమ్ ముందు నవ్వింది. తర్వాత, "ఎవరు నూరిపోశారు నీకు?" అంది. ఆ తర్వాత ఆసుపత్రి స్టూలు వచ్చింది, ఎనిమిది రోజులూ వచ్చాయి. చివరికి నిజంగానే ఏడ్చింది. గుండీ అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చి చేతికిచ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. టీ తాగడం అయ్యాక కప్పు కడిగి బోర్లించి, తన సంచీ తీసుకుని బయటికి నడిచింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. చూస్తే ఉండిపోతానని భయం.

పిన్ని ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుంది. పిన్ని అడగాపెట్టకుండా బోర్డు రాయించి తెచ్చింది: 'కోట్లు, గౌన్లు. ఎలాంటి ఒంటికైనా కుదిరేలా.' గుండీ సిగ్గుతో చచ్చిపోయి, "ఇంత గొప్పలా పిన్నీ!" అంది. "గొప్పలైతే తప్పులు లేకుండా కుట్టు" అంది పిన్ని మేకు కొడుతూ.

మొదటి నెలలు సుఖంగా ఏమీ గడవలేదు. ఏదైనా తమాషా జరిగితే మేడమ్‌కి చెప్పాలని చెయ్యి ఫోను మీదికి పోయేది. ఎవరైనా "కత్తిరించేది ఎవరండీ?" అంటే, "మా..." అని ఆగిపోయి, "నేనే" అనేది. ఆ రెండక్షరాలూ బయటికి రావడానికి మొదట్లో చెమటలు పట్టేవి. ఓసారి కళ్ళజోడు కోసం వెళ్ళి దుకాణంలో గంటసేపు తేల్చుకోలేక, ఎర్ర ఫ్రేము తెచ్చుకుంది. పిన్ని చూసి, "ఫైరింజన్‌లా ఉన్నావే" అంది. వెనక్కిచ్చేద్దామని డబ్బా దాకా చెయ్యి పోయింది. మళ్ళీ ఏమనుకుందో, "నాకు నచ్చింది పిన్నీ" అని పెట్టుకుని మిషన్ ముందు కూర్చుంది.

లాయరమ్మాయి కోటు చూసి కోర్టులోంచి ఇంకొకాయన వచ్చాడు, ఒక చెయ్యి మోచేతి దాకానే ఉన్న గుమాస్తా. ఆయన వల్ల ఇంకొకరు. నడుం విరిగి బెల్టు కట్టుకున్నవాళ్ళు, ఆపరేషన్‌లో ఒక రొమ్ము పోయినవాళ్ళు. గుండీ ఎవరినీ నిటారుగా నిలబడమనలేదు. పని పూర్తయ్యాక వాళ్ళు అద్దంలో తమను చూసుకుంటుంటే, పక్కన నిలబడి తనూ చూసేది. బాగా కుదిరిందని పైకే అనేది. ఆ మాట తన గొంతులో వినడం ఆమెకు కొత్త.

పది నెలల తర్వాత కూరగాయల మార్కెట్లో మేడమ్ ఎదురైంది. కాస్త చిక్కింది. రంగు వెయ్యక జుట్టు మొదళ్ళు నెరిశాయి. గుండీ చేతిలోని సంచీ లాక్కుని, "ఇదేం కళ్ళజోడే పిచ్చిమొహమా!" అంది. సంచీ వదలకుండానే మళ్ళీ అంది: "వచ్చెయ్యవే. నువ్వు లేక ఏమీ తోచడం లేదు."

గుండీకి మనసు కరిగిపోయింది. స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. నాలుగు మెటికలూ నిమిరింది.

"నువ్వంటే నాకు ఇప్పుడూ ఇష్టమేనే. కానీ నీ పక్కనుంటే నాకు నేనే నచ్చను. రాను."

ఇద్దరూ కాసేపు అలాగే టమాటాల బండి ముందు నిలబడ్డారు. బండివాడు అటు జరగమంటే జరిగారు. గుండీ తన సంచీ తను తీసుకుని, "ఒళ్ళు జాగ్రత్త" అని చెప్పి బయల్దేరింది. దారంతా ఏడుస్తూనే నడిచింది. నడక మాత్రం ఆపలేదు.

ఇంటికి చేరేసరికి చక్రాల కుర్చీలో ఒక టీచరమ్మ ఎదురుచూస్తోంది. గౌను వెనకాల కుచ్చుగా పోగుపడి రోజంతా గుచ్చుకుంటోందట. గుండీ ముఖం కడుక్కుని వచ్చి ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగింది. కాసేపు ఆలోచించి, "మీకు అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం ఆ సోఫాలోకి మారతారా? ఈ కుర్చీలో నేను కూర్చుని చూడాలి" అంది. పిన్నీ తనూ చెరోవైపు పట్టి ఆమెను సోఫాలో కూర్చోబెట్టారు. గుండీ కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ కదిలి, నడుం వెనక చెయ్యి పెట్టి తడుముకుని, "ఆఁ, ఇక్కడ!" అని గట్టిగా అరిచింది.

టీచరమ్మ నవ్వేసింది. గుండీ కుర్చీలోంచే సుద్దముక్క కోసం చెయ్యి చాచింది.