ఫ్యాను శ్రుతికి దించిన గిటారు

ఆ రోజుల్లో ఒంటరిగా ఉండే కుర్రాడికి గదిలో ఏది చప్పుడు చేస్తే అదే చుట్టం. ఉద్యోగంలో చేరడానికి తెనాలి నుంచి సికింద్రాబాద్ వచ్చి, రెజిమెంటల్ బజార్‌లో మేడమీద ఒక గది తీసుకున్న నాకు దొరికిన చుట్టం సీలింగ్ ఫ్యాను. స్విచ్చి వేస్తే అది తిరగాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేది. తిరగడం మొదలుపెట్టాక మాత్రం మా ఊరి చర్చిలో వెనక బెంచీ పెద్దాయనలాగా లోగొంతుతో ఒకటే స్వరం పట్టుకుని వదిలేది కాదు. ఆఫీసులో నాతో ఎవరైనా మాట్లాడితే అది ఫైలు కోసమే. శనివారం సాయంత్రం నోరు మూస్తే మళ్లీ సోమవారం దాకా తెరిచే పని ఉండేది కాదు (భోజనానికి తెరిచేవాణ్ణనుకోండి). అలాంటి ఒక ఆదివారం నా గిటారు తీసి, ఫ్యాను పాడే స్వరానికి అందులోని లావు తీగను దించడం మొదలుపెట్టాను. దించుతూనే ఉన్నాను. మామూలు శ్రుతికి నాలుగు స్వరాలు కిందికి పోయేసరికి ఆ తీగ ఎంత వదులైందంటే, దానిమీద తడి బనియను ఆరేయొచ్చు (ఆరేశాను కూడా). మీటితే గిటారు మెడమీది మెట్లకు తగిలి గరగరమనడం తప్ప పాట లేదు.

మోండా మార్కెట్ దగ్గర గిటార్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ మేస్త్రీ అనేవారు. గిటారు తీసుకెళ్తే, ఇంత కిందికెందుకు దించావని అడిగాడు. ఫ్యానుకు తోడుగా వాయించడానికని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మాకొక బ్యాండుందండీ, నలుగురం, మా గాయకుడిది బాగా లోగొంతు అన్నాను. అబద్ధం నోరు దాటేలోగానే మా డ్రమ్ములవాడికి మీసాలు కూడా మొలిచాయి.

మేస్త్రీ ఆ గాయకుణ్ణి నాకంటే ఎక్కువ నమ్మాడు. ముందు లావు తీగలు వేశాడు. బిగువైతే వచ్చింది గానీ, గిటారు గోనెసంచిలో దూరి మాట్లాడినట్టుంది. అప్పుడు టేపు తీసి తీగ మోగే పొడుగు కొలిచాడు. ఇరవై నాలుగున్నర అంగుళాలు. ఆయన పెదవి విరిచాడు.

“ఒట్టి లావు పెంచితే గొంతు మొద్దుబారుతది తమ్మీ. పొడుగు సుత పెరగాలె. అప్పుడు తీగ మరీ లావు లేకున్నా బిగిసుంటది, మాట సాఫ్‌గొస్తది. గానీ మెట్లు దూరమైతయి, నీ వేళ్లకు జెర తక్లీఫ్.”

వేళ్ల తక్లీఫ్ నాకు లెక్కలేదు. ఆయన ఇరవై ఏడు అంగుళాలకు సరిపడా కొత్త మెడ చెక్కడం షురూ చేశాడు. అది ఎంతవరకు వచ్చిందో చూసే నెపంతో ప్రతి శనివారం వెళ్లేవాణ్ణి. మీ బ్యాండు ఎట్లుందని ఆయన అడిగేవాడు. గాయకుడు అలిగాడనీ, డ్రమ్ములవాడు ఇల్లు మారాడనీ చెప్పేవాణ్ణి. ఫైళ్ల గొడవ కాకుండా వారం మొత్తం మీద నేను మనిషితో మాట్లాడే మాటలు అవే కనక ఆ అబద్ధాన్ని కన్నబిడ్డలా మేపాను. మెడ పూర్తయ్యాక ఆయన, పాడేటాయన గొంతు వినకుండా ఏ తీగలు వెయ్యాలో తేల్చనన్నాడు. ఆదివారం బ్యాండునంతా పిలవమని, నా గదికే వస్తానన్నాడు. దొరికిపోతే పరువు పోవడం సంగతి అలా ఉంచండి, ఆ శనివారాలు పోతాయని నాకు నిద్రపట్టలేదు.

చెప్పినట్టే, అప్పటికి ఏవో తీగలు వేసిన గిటారు పట్టుకుని వచ్చాడు. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు ఉన్న గదిని నింపాదిగా చూసి, కుర్చీలో కూర్చున్నాడు. డ్రమ్ములవాడికి జ్వరమనీ, కీబోర్డువాడి అక్క పెళ్లనీ నేను గడగడా అప్పజెప్పాను.

“మరి పాడేటాయన?”

ఇంక అబద్ధం మిగల్లేదు. స్విచ్చి వేశాను. ఫ్యాను కాసేపు ఆలోచించి, పాడింది. తల వంచుకుని లావు తీగ మీటాను. ఆయన లేచి వచ్చి, తీగను వెంట్రుకవాసి బిగించి చెవి పెట్టాడు. రెండు స్వరాలూ ఒకటైపోయాయి. నవ్వుతాడని చూశాను. నవ్వలేదు.

“మంచిగ పాడుతున్నడు,” అన్నాడు మళ్లీ కుర్చీలో కూర్చుంటూ. “మాట్లాడుడే జెర తక్కువున్నట్టుంది.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రెక్కలు మెల్లగా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంలో తల ఎత్తి ఆయన మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఇంతలో కుర్చీలోంచి, ఫ్యాను ఎక్కడ వదిలేసిందో అక్కడే అదే స్వరం అందుకుంది ఒక ముసలిగొంతు. మేస్త్రీ కళ్లు మూసుకుని హమ్మింగ్ చేస్తున్నాడు. నేను మళ్లీ మీటాను. కరెంటు రావడానికి గంట పట్టింది. అది మూడు గంటలైనా ఆ రోజు నాకు అభ్యంతరం ఉండేది కాదు.

ఇప్పుడు ఊరి చివర యాప్రాల్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఫ్యాన్లు రిమోటు నొక్కితే చప్పుడు లేకుండా తిరుగుతాయి. నా వయసు కూడా ఆనాటి మేస్త్రీ వయసుకు దగ్గరపడింది. వయసులో ఉన్నప్పుడు ఏం వాయించేవాడివని ఎవరైనా అడిగితే, మాకొక బ్యాండుండేదనీ, నలుగురమనీ ఇప్పటికీ మీసాలతో సహా వర్ణిస్తాను. నిజానికి ఇద్దరమే. అదీ కరెంటు లేనప్పుడు.