కిడ్నీకి ఆడి సారె

మా అక్క రోజూ పొద్దున, ఊరికి ఆ చివరనున్న తిరువొత్తియూరు నుంచి ఫోన్ చేస్తుంది. నేను ఎలా ఉన్నానని మాత్రం అడగదు. "ఏందిరా, మా పిల్ల ఎట్టుండాది?" అంటుంది. పిల్లంటే ఆమె నాకిచ్చిన కిడ్నీ.

కొత్త కిడ్నీని ఒళ్ళు ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుందనీ, దాని మీద పడకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలనీ డాక్టరు చెప్పినప్పుడు అక్క పక్కనే ఉంది. "సరి సరి, అర్థమైపోయింది. వీడి ఒళ్ళు అత్త, నా కిడ్నీ కోడలు. ఆ మాత్ర అత్త నోరు మూసేదానికి," అంది. ఆరోజు నుంచి ఆమె ఆడపెళ్ళివారు, నేను అత్తారిల్లు.

నేను కోడంబాక్కంలో డబ్బింగ్ చెబుతాను. తెర మీద ఎవరు చస్తున్నా పక్కన కూర్చుని ఏడ్చే పాత్రలు నావి. ఏడుపులో నాకు మంచి పేరుంది. అలాంటివాణ్ణి, ఆపరేషన్ అయిన రెండో ఏడు గోడకేసి చూస్తూ కూర్చుంటే కంట్లో చుక్క రాలేదు. మాత్రలకి బుగ్గలు బూరెల్లా పొంగాయి. అద్దంలో మనిషిని పలకరించాలనిపించేది కాదు. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, అక్క దయ మీద బతుకుతున్న రోగినని గుర్తొచ్చేది. అందుకని సాయంత్రం మాత్ర మానేశాను. మరచిపోయానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది గానీ, మరచిపోలేదు. ఆ పూట మామూలు మనిషిలా వీధి చివరిదాకా నడిచి, బజ్జీ తిని వచ్చేవాణ్ణి. నా తిరుగుబాటు మొత్తం అంతే.

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ దెబ్బతింటోందన్నమాట. డాక్టరు కోప్పడలేదు. "మనసెలా ఉంటోంది?" అని అడిగారు. "బ్రహ్మాండం సార్," అన్నాను, నాకున్న గొంతులన్నిటిలోకీ ఆరోగ్యమైన గొంతుతో. ఆయన నమ్మలేదు. మనసు సంగతి చూసే డాక్టరుకి కూడా చీటీ రాసిచ్చారు. నా నటన విలువ ఆరోజు తెలిసింది.

మా ఆవిడ ఫోన్లో చెప్పేసినట్టుంది. మర్నాడు సాయంత్రం అక్క ట్రైనెక్కి వచ్చేసింది. సంచిలో పసుపు, కుంకుమ, చలిమిడి. ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, కొత్త కోడల్ని పుట్టింటికి తీసుకుపోవడం మా ఇళ్ళలో ఆచారం. "మా పిల్లను పిలుచుకుపోను వచ్చినా. ఈడ దాన్ని సరిగా చూసుకోవటం లేదంట," అంది.

పెద్దగా నవ్వాను. "తీసుకుపో అక్కా, పీడా పోతుంది," అన్నాను, సరదాకి అన్నట్టే.

అక్క నవ్వలేదు. చలిమిడి డబ్బా మూత తీయబోయి ఆగింది. "ఆడపిల్లయితే కష్టమొస్తే పుట్టింటికి వస్తాదిరా. ఇది యాడ రాగలదు? మళ్ళా నా కడుపులోకి పోగలదా? నీ కాడే బతకాల," అంది. డబ్బా పక్కన పెట్టి, "నువ్వు పోతే నాకు ఇద్దరూ పోయినట్టే," అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. ఏ సౌండ్ ఇంజనీరూ ఓకే చెయ్యని ఏడుపు, ముక్కుతో సహా. ఆపుదామంటే ఆగలేదు. అక్క మాత్ర నా అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ముందు మింగు. తరవాత ఏడుద్దువు," అంది.