వేళ్ల మీద పోసిన నూనె

వర్క్‌షాపులో రేకులు కోసే యంత్రం నా కుడిచేతిని పట్టుకున్నప్పుడు నొప్పికన్నా ముందు సిగ్గు కలిగింది. చెయ్యి ఎక్కడ పెట్టకూడదో కొత్తవాళ్లకు చెప్పేవాణ్ని నేనే. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు తెగి రేకుముక్కల్లో పడ్డాయి. చిటికెన వేలు చర్మం పట్టుకుని వేలాడుతోంది.

తోటివాళ్లు ఏరి తెచ్చిన వేళ్లను గోదావరిఖని దవాఖానలో సిస్టరు తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని ఐసు డబ్బాలో ఉంచింది. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుకకన్నా సన్నని దారంతో రక్తనాళాలు కుట్టే డాక్టర్లు హైదరాబాదులో ఉన్నారని చెప్పింది. అంబులెన్సు దాకా వచ్చి, "దారిల ఎవ్వరు తెరవొద్దు. ఐసు వేళ్లకు తాకొద్దు" అని మళ్లీ హెచ్చరించింది.

నా వెంట మామ ఎక్కాడు. నా భార్య తండ్రి, రిటైరైన గని కార్మికుడు, మా చర్చి సంఘ పెద్ద. కాలనీలో ఎవరికి జబ్బు చేసినా ప్రార్థన చేసి నొసట నూనె రాసేవాడు. నేనూ ఎన్నోసార్లు తల వంచి రాయించుకున్నాను. పెద్దపల్లి దాటాక డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీశాడు.

"మామా, తెరవొద్దన్నది గద సిస్టరు."

"ఆమెది మనుషుల మాట, బిడ్డా. బైబిల్ల మంచి సమరయుడు దెబ్బలు తిన్నోని గాయాలకు ఏం పోసిండు? నూనెనే గద. నువ్వు కండ్లు మూసుకో."

సంచి విప్పి, గుడ్డ విప్పి, వేళ్ల మీద నూనె పోసి, ఏడుస్తూ ప్రార్థించాడు. ఆ కన్నీళ్లు నిజమైనవి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. తర్వాత బాగా చల్లగా ఉండాలని వేళ్లను నేరుగా ఐసులోనే గుచ్చాడు. ఆపమని అన్నాననే అనుకుంటాను. సూదిమందు మత్తులో ఆ మాట పెదవి దాటిందో లేదో తెలియదు.

"ఇందులో నూనె ఎవరు పోశారు?" అని హైదరాబాదులో డాక్టరు అడిగాడు.

"దేవుని నూనె సార్" అన్నాడు మామ, లేచి నిలబడి.

డాక్టరు డబ్బా తీసుకుని ఆపరేషను గదిలోకి వెళ్లాడు. గంటల తరబడి శ్రమపడ్డాడు. చేతికే వేలాడుతూ వచ్చిన చిటికెన వేలిలో రక్తం పారింది. మిగతావి ఐసుకు గడ్డకట్టి పాడయ్యాయి. నాళాల చివర్లు నూనెతో జిడ్డుగా ఉన్నాయి. చూపుడు వేలొక్కటి కుట్టి చూశాడు. అది ఒక పూట ఎర్రబారి, తర్వాత నల్లబడింది. తీసేశారు.

తెరవకుండా తెచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"వేళ్లు తప్పక బతికేవని చెప్పలేను. కానీ నున్నగా తెగాయి. మంచి అవకాశం ఉండేది" అన్నాడు.

ఇంటికి వచ్చాక మామ మా క్వార్టరులో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. "చిటికెన వేలు చూపెట్టు అల్లుడా. దేవుడు చేసిన అద్భుతం సంఘం చూడాలె" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

చెయ్యి ఎత్తాను. "ఈ వేలు దేవుడే డాక్టరు చేతులతోని అతికించిండు. కడమ మూడు దేవుడు తియ్యలే. మామ పొట్లం విప్పిండు."

"నీ అవిశ్వాసాన్ని నూనె మీద రుద్దకు" అన్నాడు మామ.

వెనక కూర్చున్న ఒక అవ్వ నాకు నచ్చజెప్పబోయింది. "ఒక్కటన్న మిగిలింది గద బిడ్డా, సంబురపడు."

"నీకు ఐదున్నయి గద అవ్వా" అన్నాను.

ఆ తర్వాత ఎవరూ పాట ఎత్తలేదు.

నేను విశ్వాసం వదల్లేదు. సమరయుడు నూనె పోసి ఊరుకోలేదు. గాయపడ్డవాణ్ని తన వాహనం మీద ఎక్కించి, సత్రానికి చేర్చి, చూసుకొమ్మని ఇంకొకరికి అప్పగించాడు. ఆ సగం మా సంఘంలో ఎవరికీ గుర్తుండదు. దేవుడు మా దగ్గరికి పంపిన స్వస్థతను సిస్టరు గుడ్డలో చుట్టి, మూతి బిగించి ఇస్తే, మేము విప్పి పాడుచేశాం.

ఆదివారం ఆరాధన ముగిశాక వందనాలు చెప్పుకుంటూ చేతులు కలపడం మా ఆచారం. మామ అందరితోపాటు నాకూ కుడిచెయ్యి చాపుతాడు. నేను ఎడమచెయ్యి ఇస్తాను.

"బాపుకు ఎడమచెయ్యి ఇస్తవా? అందరు చూస్తున్నరు" అంటుంది నా భార్య, ఇంటికి వచ్చాక.

"చూడనియ్" అంటాను.

క్షమించమన్న వాక్యం నాకు కంఠస్థం. పిల్లలకు సండే స్కూల్లో నేర్పేది కూడా నేనే. మామకు అందించడానికి మాత్రం కుడిచెయ్యి ఇంకా జేబులోంచి బయటికి రాలేదు.