మీటరు సూది లేచిన ఆదివారం

1966లో నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. బెంగుళూరులో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఒక మాట ఇచ్చి పంపారు. "అక్కడ దొరికేవాటితోనే మెంబ్రేన్ మీద ప్రొటీన్ ప్రభావం చూపించు, నా ల్యాబ్‌లో చోటిస్తాను." ఆ మాట పట్టుకునే ఆ ఊళ్లో రోజులు నెట్టుకొచ్చాను. పెళ్లి కాలేదు. గది అద్దెకిచ్చినవాళ్లు శాకాహారులు, గుడ్డు పెంకు కనబడితే చాలు ఖాళీ చేయమంటారు. నా పనికేమో గుడ్లే ఆధారం. అందుకని సెలవురోజులు కూడా ల్యాబ్‌లోనే గడిచేవి.

పని ఇది. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ సన్నని కొవ్వుపొర ఉంటుంది. అలాంటిదాన్ని చేత్తో తయారుచేయాలి. ప్లాస్టిక్ కప్పు గోడకు చిన్న బెజ్జం పెట్టి, లోపలా బయటా ఉప్పునీళ్లు ఉంచి, పచ్చసొన నుంచి తీసిన కొవ్వును కుంచెతో ఆ బెజ్జం మీద పూయాలి. అదే లిపిడ్ మెంబ్రేన్. అది నిలిస్తే కరెంటును దాదాపు పోనివ్వదు, మీటరు సూది కదలదు. కొన్ని ప్రొటీన్లు కలిపితే మాత్రం పొరలో దారులు ఏర్పడి కరెంటు పారుతుంది. ఆ ప్రొటీన్ కోసం తెల్లసొనను పులియబెట్టేవాణ్ని. ఆ కంపుకు తోటి లెక్చరర్లు మా వరండా వైపు రావడమే మానేశారు.

పొరలు చిట్లిపోతూనే ఉన్నాయి. ఒక ఆదివారం ఒకటి నిలిచింది. ప్రొటీన్ చుక్క వేశాను. సూది మెల్లగా లేచింది. ఒళ్లు ఝల్లుమంది. ఎవరికైనా చెబుదామని వరండాలోకి వచ్చాను. అన్ని గదులకూ తాళాలే. బజారులో హోటలుకు వెళ్లి వడ్డించే అతనితో, "ఈరోజు నా పని ఫలించిందప్పా" అన్నాను.

"మంచిదే సార్. సాంబారు ఇంగ కొంచెం పొయ్యాల్నా?"

పోయించుకుని, ఒక్కణ్ణే తినేసి గదికి వచ్చేశాను.

బెంగుళూరుకు రాసేముందు బ్లాంక్ టెస్ట్ మిగిలింది. అంటే ప్రొటీన్ ఒక్కటీ మానేసి, మిగతాదంతా అలాగే చేసి చూడటం, అప్పుడు సూది లేవకూడదు. మర్నాడు చేశాను. సూది లేచింది. నీళ్లు మార్చాను, ఉప్పు మార్చాను. అయినా లేచింది. స్టూలు మీద కూలబడ్డాను.

గది ఊడ్వడానికి వచ్చిన అటెండర్ మస్తాన్ చూశాడు. నాకంటే పెద్దవాడు, జమ్మలమడుగు మనిషి.

"ఏంది సార్, అట్ల కూర్చున్యారు?"

"కప్పులో ఏదో కలుస్తోంది మస్తాన్. నువ్వేమైనా పోశావా?"

"పొయ్యలేదు సార్. కడుగుతాండా, అంతే. మా ఇంటికాడ చెట్టుంది, కుంకుడుకాయలు తెచ్చి రసం తీసి తోముతాండా."

"ఎందుకు?"

"శానా గబ్బు కదా సార్. మీరొక్కరే దినామూ ఆ గబ్బులో కూర్చుంటాండారు. చూడలేక."

కుంకుడు రసానికి కొవ్వును విడగొట్టే గుణం ఉంది. కప్పుకు అంటి మిగిలిన ఆ కాస్తే మెల్లగా నీళ్లలో కలిసి నా పొరకు తూట్లు పొడిచింది. ప్రొటీన్ పాపం ఏమీ చేయలేదు. కోపం రావాల్సింది, రాలేదు. ఆ ఊళ్లో నేనొకణ్ణి ఉన్నానని ఒక మనిషి గమనించాడన్న సంగతే ముందు తగిలింది.

కొత్త కప్పు చేసుకుని, వట్టి నీళ్లతో కడిగి, ప్రొటీన్ వేసి మళ్లీ మళ్లీ చూశాను. సూది కదల్లేదు. నేను పులియబెట్టిన దాంట్లో పనికొచ్చే ప్రొటీన్ లేదు. బెంగుళూరులో చోటు ఇంకొకరికి పోయింది. ఆ దెబ్బ చాలాకాలం మానలేదు.

సంతోషపడేముందు బ్లాంక్ టెస్ట్ చేసుకోండని ఆ తర్వాత ప్రతి క్లాసులోనూ చెప్పాను. ఈ అనుభవం నేర్పింది అదేనని పైకి చెప్పుకుంటాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరు. ఆ ఏడాది సాయంత్రాలు మస్తాన్ చీపురు గోడకు ఆనించి, పక్క స్టూలు మీద కూర్చుని మీటరు వైపు చూసేవాడు.

"లెయ్యలేదా సార్ సూది?"

"లేదు మస్తాన్."

"సరే, రేపు చూద్దాం పదండి" అని లైటు ఆర్పేవాడు.